‘టేక్’ అంటే ప్రతిచోటా ‘తీసుకొను’ కాదు

ప్రశ్న: అందరికీ నమస్కారం. ఆరోగ్యం మీద ఒక చిన్న పుస్తకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెస్తున్నాను. ‘టేక్’ కనిపించిన చోటల్లా ‘తీసుకొను’ అని రాసుకుంటూ పోయాను. తీరా చదివితే తెలుగులా లేదు. ‘రోజుకు రెండు మాత్రలు తీసుకోవాలి. కోలుకోవడానికి వారం తీసుకుంటుంది.’ ఎక్కడ పొరపాటు పడ్డాను?

జవాబు: మొదటి వాక్యానికి అలవాటు పడిపోయాం గానీ, రెండోది మాత్రం నాకు మింగుడు పడలేదండీ. తెలుగులో కాలం ‘పడుతుంది’. కోలుకోవడానికి వారం పడుతుంది, అంతే. మాత్రయితే వేసుకుంటాం, నీళ్ళమందయితే తాగుతాం.

ఇంగ్లీషులో ‘టేక్’ చాలా చోట్ల దాదాపు ఖాళీ క్రియ. బరువంతా పక్కనున్న నామవాచకానిదే. తెలుగులో ఏ నామవాచకానికి తగిన క్రియ దానికి ఉంది. స్నానం చేస్తాం, కునుకు తీస్తాం, బస్సు ఎక్కుతాం, పరీక్ష రాస్తాం. ఈ చివరిది మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా పరీక్షకు ‘రైట్’ అనే క్రియనే వాడతాం. బ్రిటన్‌లో ‘టేక్’ అంటారు, లేదా ‘సిట్’ అంటారు.

‘టేకాఫ్’ సంగతి చూడండి. విమానానికి అది ఒక అర్థం, ఒంటి మీది వస్తువులకు ఇంకొకటి. ఇంగ్లీషువారికి చొక్కాకైనా చెప్పులకైనా కళ్ళజోడుకైనా అదే మాట. మనం చొక్కా విప్పుతాం, చెప్పులు విడుస్తాం, కళ్ళజోడు తీస్తాం. వస్తువు ఒంటిని ఎలా అంటిపెట్టుకుని ఉందో క్రియే చెప్పేస్తుంది. అనువాదంలో దీన్ని పోగొట్టుకుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మరొకరు: ‘నిర్ణయం తీసుకున్నారు’, ‘చర్యలు తీసుకుంటాం’ అని రోజూ రాస్తున్నాం కదండీ. అవీ తప్పేనా?

జవాబు: తప్పనను. అవి స్థిరపడిపోయాయి. అయినా ‘నిర్ణయించారు’ అన్న ఒక్క మాటతో సరిపోయేచోట రెండెందుకు? ప్రమాదం ‘చోటుచేసుకుంది’ అన్నది మాత్రం నేను రాయను. అది ‘టేక్ ప్లేస్’ నీడలో పుట్టిన మాటేనని నా అభిప్రాయం. ‘జరిగింది’ అనే చక్కని మాట ఉండగా దాని అవసరం లేదు.

అసలు ‘తీసుకొను’లోని ‘కొను’ను గమనించండి. చేసిన పని చేసినవారికే చెందుతుందని చెప్పేది అదే. ‘ఫోటో తీశాను’ అంటే ఎదుటివారిదో, ఎదుటి దృశ్యానిదో. ‘ఫోటో తీసుకున్నాను’ అంటే నాకోసం, చాలాసార్లు నాదే. ‘తీయించుకున్నాను’ అంటే కెమెరా ఇంకొకరి చేతిలో ఉంది. ఇంగ్లీషు ‘టేక్’ ఒంటరిగా ఈ తేడాలు చూపలేదు, పక్కన వేరే మాటలు చేర్చుకోవాలి. అందుకే ఆ మాట కనబడగానే నేను ముందు వేసుకునే ప్రశ్న ఒక్కటే: ఇక్కడ ‘తీయు’ చాలునా, ‘కొను’ కావాలా, లేక ఈ రెండూ కాని వేరే క్రియ ఉందా?

మొదట అడిగినవారు: ‘టేక్’ మొదటినుంచీ ఇంత విస్తృతంగా ఉండేదా?

జవాబు: లేదు. అది ఇంగ్లీషులో పుట్టిన మాటే కాదు. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవారి పాత నోర్స్ భాషలోని ‘టకా’ నుంచి వచ్చింది. సుమారు 1100 ప్రాంతంలో రాతల్లోకి ఎక్కింది. అంతకుముందు ఇంగ్లీషువారి సొంత మాట ‘నిమన్’, జర్మన్ ‘నేమెన్’కు తోబుట్టువు. కొత్తమాట మెల్లగా దాన్ని తోసేసింది. ఇప్పుడు దాని ఆనవాళ్ళు చురుకుదనాన్ని చెప్పే ‘నింబుల్’లోనూ, తిమ్మిరెక్కిందని చెప్పే ‘నమ్’లోనూ మిగిలాయి. తిమ్మిరెక్కిన చెయ్యి అంటే, మూలార్థంలో, ఏదో పట్టి లాగేసుకున్న చెయ్యి.

ఇది చదివినప్పుడల్లా నాకు మన ‘పుచ్చుకొను’ గుర్తొస్తుంది. ‘మందు పుచ్చుకోండి’, ‘ఆతిథ్యం పుచ్చుకున్నారు’ అని పెద్దలు అనేవారు. ఇప్పుడు ఆ చోటంతా ‘తీసుకొను’ ఆక్రమించింది. ‘ఇచ్చిపుచ్చుకోవడం’ లాంటి జంటల్లో మాత్రం అది గట్టిగా నిలిచి ఉంది.

మొదట అడిగినవారు: ధన్యవాదాలండీ. కోలుకోవడానికి వారం ‘పడుతుంది’ అని దిద్దేశాను. ఇంకొక్క చోట ఆగిపోయాను. పిల్లల ఎత్తు గురించిన అధ్యాయంలో ‘టేక్ ఆఫ్టర్’ అని ఉంది, తల్లిలాగా ఉందని చెప్పడానికి. ‘పోలికలు తీసుకుంది’ అని రాశాను.

జవాబు: ‘తల్లి పోలికలు వచ్చాయి’ అంటే చాలు. కొంచెం నిండుగా కావాలంటే ‘తల్లి పోలికలు పుణికిపుచ్చుకుంది’ అని రాయండి.