క్రిస్మస్ తాత కథలో క్రీస్తే లేకపోతే అది క్రిస్మస్ కథేనా?

గోదారిగట్టు:
ఎల్. ఫ్రాంక్ బామ్ 1902లో రాసిన 'ద లైఫ్ అండ్ అడ్వెంచర్స్ ఆఫ్ శాంటా క్లాజ్' రోజూ రాత్రి మా పాపకి తెలుగులో చెప్తున్నాను (ఓజ్ మాంత్రికుడి కథ రాసింది కూడా ఈయనే). అడవిలో దొరికిన పసివాణ్ణి నెసీల్ అనే వనదేవత పెంచుతుంది, వాడే పెద్దయ్యి బొమ్మలు చెక్కే క్లాజ్ అవుతాడు. పాపకి తెగ నచ్చింది. కానీ ఇందులో బేత్లెహేము లేదు, పశువుల తొట్టె లేదు. మా అత్తగారు విని "పండగ ఎవరిదో చెప్పకుండా తాత కథ దేనికమ్మా" అన్నారు. మీరైతే చెప్తారా?

తూర్పు నక్షత్రం:
నేను చెప్పను. శాంటా క్లాజ్ పేరు వెనకున్న అసలు మనిషి నికోలస్‌ని తీసేసి వనదేవతల్ని పెట్టాడాయన. నికోలస్ నాలుగో శతాబ్దపు బిషప్, ఊరు మైరా, ఇప్పటి తుర్కియేలో ఉంది. కట్నం ఇచ్చుకోలేని తండ్రి ఇంట్లోకి రాత్రిపూట ఎవరికీ తెలియకుండా బంగారం మూటలు విసిరాడని కథ, ముగ్గురు ఆడపిల్లల కోసం. కట్నం బాధ మన పిల్లలకి వేరే వివరించాలా? ఇంత మంచి కథ ఉండగా మాయలెందుకు?

పాత అట్ట:
అన్నా, ఆ బిషప్‌కి జింకల బండి ఎవరిచ్చారు మరి? ఎనిమిది జింకలొచ్చింది 1823లో అమెరికాలో ట్రాయ్ ఊరి పత్రికలో అచ్చయిన పద్యంలో. బామ్ వాటిని పది చేశాడు, అంతే. ఒక్కసారి చదివి మాట్లాడండి. చలికాలం, ఒంటరిగా ఉన్న క్లాజ్ పొయ్యి దగ్గరున్న పిల్లిని చూసి కొయ్యతో అలాంటిదే చెక్కుతాడు, అది మంచులో చిక్కుకున్న ఓ పిల్లాడి చేతికి వెళ్తుంది. మొదటి బొమ్మ అలా పుట్టింది. క్రిస్మస్‌కి మేజోళ్లలో బహుమతులు పెట్టడం కూడా అంతే, ఆరడానికి పొయ్యి ముందు వేలాడేసినవి కనబడితే వాటిలో బొమ్మలు పెడతాడు. ఇంత మామూలు కారణాలతో కథ అల్లడం మాటలా? యుద్ధం మాత్రం తేలిపోయింది, ఆగ్వాలనే దుష్టులు వచ్చినంత సేపు పట్టకుండానే పోతారు.

తూర్పు నక్షత్రం:
అల్లిక బాగుందనే అంటున్నా, నా గొడవ తేదీ గురించి. జింకల్ని ఏడాదికి ఒక్క రాత్రే వాడుకోమని జంతువుల్ని కాచే నూక్‌లనే అడవి జీవుల పెద్ద షరతు పెట్టి, పది రోజుల్లో వచ్చే క్రిస్మస్ ముందురాత్రినే ఖాయం చేస్తాడు, ఈలోగా క్లాజ్ తయారు కాలేడులే అని. పండగ రాత్రికి కారణం ఈ పేచీయా? ఇది పిల్లలకి ముందు తెలిస్తే తొట్టె కథ తర్వాత ఎక్కదు.

కొబ్బరాకు:
ఎక్కుతుందండీ. చర్చిలో దూది గడ్డం పెట్టుకుని చాక్లెట్లు పంచే తాతని చూస్తూ పెరిగినవాణ్ణే నేను, ప్రసంగమూ విన్నాను, చాక్లెట్టూ తిన్నాను. కాకపోతే ఏది ఏ కథో పిల్లలకి చెప్పాలి, కలిపేయకూడదు.

గోదారిగట్టు:
నిన్న రాత్రి అలాగే చేశాను. ముందు బంగారం మూటల కథ, తర్వాత ఈ పుస్తకం చివరి భాగం. ముసలివాడై చావుకి దగ్గరైన క్లాజ్‌కి అమరులంతా సభ చేసి, లోకం మొత్తానికి ఒక్కటే ఉన్న అమరత్వపు వస్త్రాన్ని కప్పుతారు. పాప లేచి కూర్చుని "మరి నికోలస్ తాతకి ఎందుకు కప్పలేదు?" అంది. అత్తగారు నా వైపు చూశారు, నేను ఫ్యాను వైపు చూశాను.