వానలకు వంగిన టీపాయ్ పైచెక్క

హన్మకొండలో వడ్రంగం నేర్చుకుంటున్నాను. మే ఎండల్లో మూడు వేప పలకలు జిగురుతో అతికించి టీపాయ్ పైచెక్క చేశాను. 60 సెం.మీ. పొడవు, 40 వెడల్పు, 18 మి.మీ. మందం. పాలిష్ రెండువైపులా ఒకేలా వేశాను. వానలు పట్టాక అంచులు లేచి, నడుమ 5 మి.మీ. గుంట పడింది. అతుకులు విడలేదు. మూడు పలకలకూ చేవ (మాను నడిమి గట్టి కలప) వైపు పైకే ఉంది, కారణం అదేనేమో.

గుంటవైపు తడిగుడ్డ పరిచి, క్లాంపులు బిగించి చూశాను. విప్పిన మర్నాటికే మళ్లీ వంగింది. చిత్రిక పడితే మందం 13కి దిగుతుంది, చూడ్డానికి పల్చగా ఉంటుంది. మేస్త్రీ కింద అడ్డపట్టీలు కొట్టమంటున్నారు. కదలకుండా బిగిస్తే మళ్లీ ఎండాకాలానికి చీలుతుందని నా టెన్షన్.

చెక్క కాస్త కదిలే వీలుండేలా పట్టీల్లో స్క్రూ బెజ్జాలు కోలగా తీసి బిగిస్తే ఈ వంపు ఆగుతుందా, లేక పైచెక్కను సన్న ముక్కలుగా కోసి, చేవ వైపు ఒకటి పైకి ఒకటి కిందికి పెట్టి మళ్లీ అతికించాల్సిందేనా?