పాత కారు రిపేరు: పానా మనమే పట్టాలా, షెడ్డుకు పంపాలా?

పాలకొల్లు ఆల్టో:
మాది 2010 మోడల్ ఆల్టో. పదిహేనేళ్లు నిండి రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు వచ్చింది. షెడ్డులో చూపిస్తే బ్రేకులు, సస్పెన్షన్ బుష్‌లు (రబ్బరు దిమ్మలు), రేడియేటర్, ఆయిల్ సర్వీసు అంటూ చాంతాడంత లిస్టు రాసిచ్చారు. బండి అమ్మితే వచ్చే డబ్బులో సగం రిపేరుకే పోయేలా ఉంది. మా బావమరిది ‘పానాల సెట్టు ఒకటి కొంటే చాలు బావా, వీడియోలు చూసి మనమే చేసేసుకుందాం’ అంటున్నాడు. నాన్నగారు ససేమిరా అంటున్నారు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

భీమవరం పాతబండి:
మీ బావమరిది మాట సగం కరెక్టేనండి. ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్గులు, బ్యాటరీ టెర్మినల్స్, వైపర్లు, బల్బులు... వీటికి షెడ్డులో లేబర్ కట్టడం దండగ. బ్యాటరీ మీద పేరుకున్న తెల్లటి, పచ్చటి పొడిని వేడినీళ్లతో కడిగి, ఆరాక కాస్త వ్యాజిలీన్ రాస్తే సరి. టెర్మినల్ విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్.

ప్లగ్గుల దగ్గర మాత్రం తొందర పనికిరాదు. ఇంజన్ పూర్తిగా చల్లారాకే విప్పాలి. కొత్త ప్లగ్గును పానాతో మొదలుపెట్టకూడదు, వేళ్లతోనే తిప్పాలి. నాలుగైదు చుట్లు సాఫీగా దిగాకే పానా పెట్టాలి. ఇంజన్ హెడ్ అల్యూమినియం కదా, వంకరగా ఎక్కిస్తే మర పోతుంది. మర పోతే హెడ్ విప్పే దాకా వస్తుంది, అప్పుడు మిగిల్చిన లేబర్‌కు ఎన్నో రెట్లు వదులుతుంది. ఇంత జాగ్రత్త చెప్పినా, ఇది ఇంట్లో చేసుకునే పనే అంటాను. పైగా విప్పిన ప్లగ్గు చాలా చెబుతుంది. కొస లేత గోధుమరంగులో ఉంటే ఇంజన్ బాగున్నట్టు, పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ వచ్చి సరిగా కాలనట్టు, నూనె జిడ్డు ఉంటే లోపలికి ఆయిల్ వస్తున్నట్టు. షెడ్డులో ఇది మీకు చూపించేదెవరు?

అమలాపురం షెడ్డు:
నేను మెకానిక్‌ని, కాబట్టి నా మాట స్వార్థం అనుకున్నా ఫర్వాలేదండి. ప్లగ్గులు, ఫిల్టర్లు ఇంట్లో మార్చుకోండి, మాకేం బాధ లేదు. మాకు టెన్షన్ పెట్టేది సగం విప్పి తెచ్చే బండ్లు. బ్రేకులు మాత్రం ముట్టుకోవద్దు. ఆల్టోకు ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. డ్రమ్ము విప్పడం ఎవరైనా విప్పుతారు, స్ప్రింగులు ఏది ఎక్కడ ఉండేదో గుర్తుండదు. బ్రేకు ఆయిల్ పైపు విప్పితే గాలి చేరుతుంది. అది పూర్తిగా తీయకపోతే పెడల్ మెత్తబడిపోతుంది. ఊళ్లో బాగానే ఆగుతుంది, గోదావరి మీద సిద్ధాంతం ఊరి వంతెన దిగేటప్పుడు తెలుస్తుంది.

రెండోది జాకీ. కారుతో వచ్చే జాకీ స్టెప్నీ మార్చడానికే. దాని మీద బండి నిలబెట్టి కిందకు దూరేవాళ్లను చూస్తే నాకు కాళ్లు వణుకుతాయి.

ఇంకో మాట. 2022 జూలై గోదావరి వరదలో లంక గ్రామాల్లో బండ్లు మునిగాయి కదా. నీళ్లు తీశాక ‘ఓసారి స్టార్ట్ చేసి చూద్దాం’ అన్నవాళ్ల ఇంజన్లే పాడయ్యాయి. సిలిండర్లోకి చేరిన నీళ్లు నొక్కినా కుదించుకోవు, పిస్టన్‌కున్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నీళ్లలో మునిగిన బండిని స్టార్ట్ చేయకుండా తోయించుకురావాలి.

భీమవరం పాతబండి:
బ్రేకుల విషయం ఒప్పుకుంటున్నాను. మరి స్పేర్ల సంగతి? మేమే విజయవాడ ఆటోనగర్ వెళ్లి కొనుక్కొస్తే మీ వాళ్లు ముఖం మాడ్చుకుంటారేం?

అమలాపురం షెడ్డు:
షెడ్డు అద్దె, కుర్రాళ్ల జీతాలు లేబర్‌తోనే వెళ్లవండి, స్పేర్ల మీద వచ్చే నాలుగు డబ్బులూ కలిస్తేనే నడుస్తుంది. పైగా మీరు తెచ్చినది నెలలో పోతే ‘నీ బిగింపే సరిలేదు’ అని మా మీదకే వస్తారు. మీ స్పేర్లు తెచ్చుకోండి, లేబర్ కాస్త ఎక్కువిచ్చి, సామాను పూచీ మీదేనని ముందే అనుకోండి. గొడవుండదు.

రాజోలు కొబ్బరితోట:
మీరిద్దరూ పానా ఎవరు పట్టాలనే దగ్గరే ఆగిపోయారు. మన ప్రాంతంలో కారును తినేది అరుగుదల కాదు, నీళ్లు, ఉప్పు. అది కనిపెట్టాల్సింది యజమానే. ఏడాదికోసారి చూసే మెకానిక్‌కు ఎలా తెలుస్తుంది?

సఖినేటిపల్లి, మలికిపురం వైపు చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పు. ఆ నీళ్లే చెంబుతో రేడియేటర్లో పోస్తారు. లోపల సన్నటి గొట్టాలు తుప్పుపట్టి పూడుకుపోతాయి, థర్మోస్టాట్ (ఇంజన్ వేడిని బట్టి రేడియేటర్‌కు నీళ్లు వదిలే వాల్వు) బిగుసుకుపోతుంది, ఇంజన్ హీటెక్కుతుంది. అప్పుడు షెడ్డులో చేసేదేమిటి? ‘మన ఎండలకు ఇదెందుకండీ’ అని థర్మోస్టాట్ పీకేస్తారు. ఆ రోజుకు హీట్ తగ్గుతుంది. తర్వాత ఇంజన్ ఎప్పుడూ సరైన వేడికి రాక పెట్రోలు తాగుతుంది. ఉప్పు నీళ్లకు బదులు కూలెంట్ పోయడం ఇంట్లో చేసుకునే పని. నీళ్లు కలపక్కర్లేని రెడీమిక్స్ డబ్బా కొనండి, ఇంజన్ చల్లారాకే మూత తిప్పండి.

తుప్పు చూడటానికి జాకీ అక్కర్లేదు. వాటర్ సర్వీసింగ్‌లో బండిని ర్యాంపు ఎక్కించినప్పుడు టార్చ్ పట్టుకుని నిలబడండి. ఫ్లోరు అంచులు, బ్రేకు పైపులు, సస్పెన్షన్ బిగించే చోట్లు చూడండి. మీది పాలకొల్లు, రొయ్యల లారీల నుంచి కారే నీళ్లు రోడ్డు మీద నుంచి నేరుగా అక్కడికే చిమ్ముతాయి. ఇక డోర్ల అడుగున చిన్న బెజ్జాలుంటాయి, వాన నీళ్లు పోవడానికి. మట్టితో పూడిపోతే నీళ్లు డోర్లోనే నిలిచి లోపలి నుంచి తింటాయి. కొబ్బరి ఈనెతో మెల్లగా పొడవండి, చూస్తుండగానే ఎర్రటి నీళ్లు కారతాయి.

రిపేరు లిస్టు కన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇదే. సస్పెన్షన్ బిగించే చోట రేకు పొరలు పొరలుగా రాలుతుంటే బుష్‌లు మార్చి లాభం లేదు. కారుకు రెన్యువల్ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలు, వచ్చేది ఐదేళ్లు. అంతకాలం నిలిచే బాడీ ఉంటేనే పెట్టుబడి పెట్టండి.

అమలాపురం షెడ్డు:
థర్మోస్టాట్ పీకేస్తామన్నది నిజమేనండి. పెళ్లికి వెళ్తూ రోడ్డు మీద ఆగినవాళ్లకు కొత్తది దొరికే దాకా ఆగమంటే వింటారా? తర్వాత వచ్చి వేయించుకోమంటాం, ఎవరూ రారు.

రాజోలు కొబ్బరితోట:
బిల్లు మీద రాసివ్వండి, వస్తారు.

భీమవరం పాతబండి:
ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు కదా, 2010 బండి రబ్బరు గొట్టాలు దానికోసం చేసినవి కావు. పెట్రోలు హోస్‌లు గట్టిపడ్డాయా, పగుళ్లున్నాయా చూడండి. మార్చడం షెడ్డులోనే.

పాలకొల్లు ఆల్టో:
ఈ ఆదివారం ర్యాంపు ఎక్కించి చూస్తాను. ఫ్లోరు గట్టిగా ఉంటే బ్రేకులు, బుష్‌లు షెడ్డుకే, మిగతావి ఇంట్లో. నాన్నగారు కూలెంట్ వరకు ఒప్పుకున్నారు. చిక్కేమిటంటే బావమరిది అప్పుడే హైడ్రాలిక్ జాకీ ఆర్డర్ పెట్టేశాడు.

అమలాపురం షెడ్డు:
దాంతోపాటు బండి బరువు మోసే స్టాండ్లు రెండు తెప్పించమనండి. అవి రాకపోతే జాకీని అటకెక్కించండి.