ఇన్‌సైడ్ అవుట్ 2: మొదటిది చూడకుండా పిల్లలకి వేయొచ్చా?

అమలాపురం: సంక్రాంతికి ఇంటినిండా పిల్లలు దిగుతున్నారండి, ఆరేళ్ళ నుంచి పదమూడేళ్ళ దాకా. ఈ యానిమేషన్ సినిమా రెండో భాగం ఒక్కటే వేస్తే అర్థమవుతుందా? మొదటిదానికి సాటి వస్తుందా?

భీమవరం: కథ అర్థమవుద్దండి. రైలీ అనే అమ్మాయి బుర్రలోని భావాలే ఇందులో పాత్రలు: జాయ్ అంటే ఆనందం, శాడ్‌నెస్ అంటే దుఃఖం, యాంగ్జైటీ అంటే ఆందోళన. కాకపోతే 2015 నాటిది చూడకపోతే శాడ్‌నెస్‌ని జాయ్ ఎందుకంత నమ్ముతుందో తెలీదు. మొదటిదాంట్లో రైలీ చిన్నప్పటి ఊహల నేస్తం బింగ్ బాంగ్ మాయమయ్యే సీనుకి దీటుగా ఇందులో ఒక్కటే ఉంది. రైలీ హాకీ ఆటలో తప్పు చేసినోళ్ళు కూర్చునే పెనాల్టీ బాక్సులో ఉన్నప్పుడు, భావాలు ఆమెని నడిపే మీటల బల్ల (కన్సోల్) చుట్టూ యాంగ్జైటీ నారింజరంగు సుడిగాలై తిరుగుద్ది. ఆ సుడి లోపల యాంగ్జైటీ మాత్రం బిగుసుకుపోయి ఉంటది, కంట్లో నీళ్ళు. రైలీకి ఊపిరాడదు. పెద్దపిల్లలకి బాగా తగుల్తుంది; చిన్నాళ్ళు భయపడితే అక్కడ ఆపి రెండు ముక్కలు చెప్పండి.

కాకినాడ: నా లెక్కలో మొదటిదే పైమెట్టు. జాయ్ మళ్ళీ హెడ్‌క్వార్టర్స్ (రైలీ బుర్రలో భావాలుండే చోటు) బయట పడటం, మళ్ళీ దారి వెతుక్కోవడం, అదే బాట కదండీ! ఆన్వీ (విసుగు) సోఫాలో ఫోన్ పట్టుకుని నవ్విస్తుంది గానీ, ఎన్వీకి (అసూయకి) పనే తక్కువ.

పాలకొల్లు: ఆయ్, రెండూ ఒకే పూట వద్దండి, మూడు గంటలు దాటుద్ది. పేర్లు పడగానే కట్టేయకండి, చివర్లో చిన్న సీనుంది.