బత్తాయి తోటలో తిరిగే మినీ ట్రాక్టరుకు సింథటిక్ ఆయిలు అవసరమా?

మాది నల్గొండ జిల్లా, ఆరెకరాల బత్తాయి తోట. వరుసల మధ్య రోటవేటరు వేయడానికి, మందు కొట్టడానికి 24 హెచ్‌పీ మినీ ట్రాక్టరు వాడుతున్నాం. మీటరు 740 గంటలు చూపుతోంది. ఇంజినులో ఇంతవరకు 15డబ్ల్యూ-40 (ఆయిలు చిక్కదనం తెలిపే గ్రేడు) మినరల్ ఆయిలే, అంటే ముడిచమురు శుద్ధి చేసి తీసే మామూలు ఆయిలే పోస్తూ 250 గంటలకోసారి మారుస్తున్నాం.

ఈసారి దుకాణదారు సింథటిక్ (రసాయన పద్ధతిలో ప్రత్యేకంగా తయారుచేసే) ఆయిలు డబ్బా చేతిలో పెట్టి, "ఇది పోస్తే 500 గంటల దాకా చూడనక్కరలేదు" అన్నాడు. ధర రెట్టింపు పైమాటే. కంపెనీ పుస్తకంలో మాత్రం 250 గంటలనే ఉంది.

సింథటిక్ గొప్పతనం ముఖ్యంగా గడ్డకట్టే చలిలో తెలుస్తుందంటారు. మా బండి డిసెంబరు తెల్లవారుజామున కూడా ఒక్క సెల్ఫుకే అందుకుంటుంది. మే నెలలో నాలుగు గంటలు ఆపకుండా రోటవేటరు తిప్పితే మాత్రం వేడి ముల్లు ఎర్రగీత వైపు జరుగుతుంది. నా అనుమానమంతా అక్కడే.

ఇంకొకటి. మొన్న డిప్‌స్టిక్ తీసి ఆయిలును వేళ్ల మధ్య రుద్దితే సన్నగా గరగరలాడింది. నల్లబడటం డీజిలు ఇంజినుకు మామూలే, గరుకు మాత్రం కాదు. ఎయిర్ ఫిల్టరు దాటి దుమ్ము వెళుతుంటే ఎంత ఖరీదైన ఆయిలైనా ఏం లాభం?

వేసవిలో ఇలా బరువు పనికి సింథటిక్ వాడినవారు ఉన్నారా? వేడి నిజంగా తగ్గిందా? క్రాంక్ సీలు (ఇంజిను షాఫ్టు దగ్గర ఆయిలు కారకుండా ఆపే రింగు) దగ్గర ఇప్పటికే కొద్దిగా తడి కనిపిస్తోంది, పలుచని ఆయిలు పోస్తే కారడం పెరుగుతుందా? దయచేసి మీ అనుభవం చెప్పండి.