అప్‌డేట్: ఉతికిన న్యాపీల కంపు, కారడం తగ్గాయి

సిరొంచలో బోరు నీళ్లతో ఉతికిన గుడ్డ న్యాపీలు బాబు ఒక్కసారి ఉచ్చ పోయగానే ఘాటుగా కంపు కొడుతున్నాయని, పక్కల నుంచి కారుతున్నాయని అడిగాను. జవాబిచ్చిన అక్కలందరికీ దండాలు.

కంపుకు అసలు కారణం బోరు నీళ్లే. ఆ నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు. రాలేదని ఇంకాస్త పొడి వేస్తే అది లవణాలతో కలిసి పోగుల్లో పేరుకుంటుంది. అక్కడ నిలిచిన ఉచ్చే అమ్మోనియా వాసన కొడుతుంది. న్యాపీ లోపల ఉచ్చ పీల్చే ప్యాడ్‌ను ఉతికాక ఉత్త వేడినీళ్లలో పిసికి చూడండి, నురగ వస్తే సబ్బు మిగిలినట్టే. నీటిచుక్క ఇంకకుండా నిలిస్తే అది జిడ్డు. బాబుకు నూనె రాశాక తుడవకుండా న్యాపీ కట్టడం వల్లే మావి కారాయి.

బకెట్ వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాల చాకలి సోడా కలిపి, నూలు ప్యాడ్లు మాత్రమే అయిదు గంటలు నానబెట్టాం. చేతులకు తొడుగులు తప్పనిసరి. తర్వాత నురగ పోయేదాకా జాడించాలి, మాకు నాలుగు నీళ్లు పట్టాయి. తడి బయటికి రాకుండా పైన తొడిగే కవర్లను మరిగే నీళ్లలో వేయకండి, లోపలి పూత ఊడిపోతుంది.

ఇప్పుడు తడిసినవాటిని ముందు చల్లటి నీళ్లలో జాడించి, తర్వాతే సబ్బు పెడుతున్నాం. మెత్తదనం కోసం పోసే ద్రావణం పూర్తిగా మానేశాం. అది పోగులకు పూతలా పట్టి పీల్చుకునే గుణాన్ని చంపేస్తుంది.

ముసురు రోజుల్లో మందపాటి ప్యాడ్లు ఆరడం మాత్రం ఇంకా కష్టంగానే ఉంది. మడతలు విప్పి ఆరేసే పలచటి నూలు గుడ్డలే నయం.