లా పరీక్షలో పుస్తకం తెరిచి రాయనివ్వాలా?

రెండో_ఏడు:
వచ్చే సెమిస్టర్ నుంచి కాంట్రాక్ట్స్, టార్ట్స్ (ఒప్పందం లేకపోయినా, ఒకరి తప్పువల్ల ఇంకొకరికి జరిగిన నష్టానికి పరిహారం అడిగే వ్యవహారాలు) పేపర్లు ఓపెన్ బుక్ చేద్దామా అని మా డిపార్ట్‌మెంట్ ఆలోచిస్తోంది. స్టూడెంట్స్ అభిప్రాయం రాసివ్వమన్నారు. క్లాసు రెండుగా చీలిపోయింది. నా మటుకు నాకు ఓపెన్ బుక్కే న్యాయం అనిపిస్తోంది. ఏ లాయరూ సెక్షన్లన్నీ కంఠతా పట్టి కోర్టుకు వెళ్ళడు కదా, మేమెందుకు రాత్రంతా కేసుల పేర్లు వల్లె వేయాలి? సీనియర్లు, పేపర్లు దిద్దేవాళ్ళు ఉంటే చెప్పండి.

పాత_బెంచి:
తమ్ముడూ, నువ్వన్నది సగం నిజం. ఆఫీసులో డ్రాఫ్టు రాసేటప్పుడు పుస్తకం పక్కనే ఉంటుంది. వాదన మధ్యలో జడ్జి వేసే ప్రశ్న మాత్రం నువ్వు తయారై వెళ్ళిన దారిలో ఉండదు. ఫలానా పాయింటు మీద ఒక తీర్పు ఉందన్న సంగతి బుర్రలో ఉంటేనే కదా, వెతకడానికైనా! ఇంకోటి. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో చాట్‌జీపీటీ కల్పించిన కేసుల్ని లాయర్లు నిజమనుకుని ఫైల్ చేస్తే 5,000 డాలర్ల జరిమానా పడింది. తీర్పులు చదివి గుర్తుపెట్టుకున్నవాడికి అలాంటి పేర్లు చూడగానే ఎక్కడో తేడా కొట్టాలి. ఆ అలవాటు డిగ్రీలో రాకపోతే తర్వాత రాదు. నా ఓటు క్లోజ్డ్‌కే.

పరదేశి:
నేను జర్మనీలో లా చదువుతున్నాను. ఇక్కడ చదువు చివర స్టేట్ ఎగ్జామ్ ఉంటుంది, రాతపరీక్షలో ఒక్కో పేపరు ఐదు గంటలు. చట్టాల పుస్తకం బల్ల మీదే ఉంటుంది, ఎర్ర అట్టతో ఇటుకంత లావు. నోట్సు, టెక్స్ట్‌బుక్కులు ఉండవు. అయినా అది తేలికైన పరీక్షని ఇక్కడ ఎవరూ అనరు. సెక్షన్ కళ్ళముందున్నా దేని తర్వాత ఏది చూడాలో తెలియకపోతే ఐదు గంటలూ చాలవు. అమెరికాలో ఇంకో తీరు. లా స్కూలు పరీక్షలు చాలావరకు ఓపెన్ బుక్, లైసెన్సు కోసం రాసే బార్ ఎగ్జామ్ మాత్రం క్లోజ్డ్. లోపలికి ఏ పుస్తకం రానిస్తారో ముందు తేల్చుకోండి, మిగతా గొడవ సగం తగ్గుతుంది.

దిద్దే_మాస్టారు:
రెండు రకాల పేపర్లూ దిద్దుతుంటాను. ఒక ప్రశ్న చెప్తాను, చూడండి. ఒక వెబ్‌సైట్‌లో లాప్‌టాప్ ధర పొరపాటున అసలు ధరలో పదోవంతుగా పడింది. అనిల్ ఆర్డర్ పెట్టి డబ్బు కట్టేశాడు. ‘మీ ఆర్డర్ అందింది, ధన్యవాదాలు’ అని వెంటనే మెయిల్ వచ్చింది. మర్నాడు కంపెనీ ఆర్డర్ రద్దు చేసింది. ఒప్పందం కుదిరినట్టా, కానట్టా?

కంఠతా పట్టినవాళ్ళు ఆఫర్ (ఒప్పందానికి ఒకరు చేసే ప్రతిపాదన) నిర్వచనం, యాక్సెప్టెన్స్ (దానికి రెండోవాళ్ళ ఒప్పుకోలు) నిర్వచనం రాసి, కార్లిల్ కేసు (తమ మందు వాడినా ఫ్లూ వస్తే డబ్బిస్తామన్న కంపెనీ ప్రకటన ఆఫరేనని తేల్చిన పాత ఇంగ్లండ్ తీర్పు) కథ మొత్తం చెప్తారు. స్మోక్ బాల్, ఫ్లూ, 100 పౌండ్ల బహుమానం, బ్యాంకులో వేసిన 1,000 పౌండ్లు, ఏదీ వదలరు. చివరి రెండు లైన్లలో ‘కావున ఒప్పందం కుదిరింది’. పుస్తకం చూసి రాసేవాళ్ళూ చేసేది అదే. కాకపోతే నిర్వచనం కామాలతో సహా కరెక్టుగా ఉంటుంది! ఇద్దరూ ఆ మెయిల్ దగ్గర ఆగరు. ‘అందింది’ అంటే ‘ఒప్పుకున్నాం’ అనా? అంత తక్కువ ధర చూసినప్పుడే ఏదో పొరపాటు జరిగిందని అనిల్‌కు తట్టి ఉండాలా? వెబ్‌సైట్‌లో ధర పెట్టడం ఆఫరా, లేక 1953 నాటి బూట్స్ అనే మందుల షాపు కేసులో అరల్లో పేర్చిన మందుల్లాగా, కొనేవాళ్ళనే ఆఫర్ చేయమని పిలవడమేనా? మార్కులన్నీ ఇక్కడున్నాయి. ఏ పేజీ తిప్పినా రెడీమేడ్ జవాబు దొరకదు.

కంఠతా వైపు కూడా ఒక మాట. 1932 నాటి డొనహ్యూ కేసు (సీసాలో నత్త ఉన్న జింజర్ బీర్ తాగి జబ్బుపడ్డానని ఒకామె తయారుచేసినవాడి మీద వేసిన దావా) రాయమంటే, సీసాలో నత్త ఉందని కోర్టు తేల్చినట్టు రాసేస్తారు. ఏ కోర్టూ తేల్చలేదు. ఆమె చెప్పింది నిజమే అనుకుంటే దావా నిలుస్తుందా అన్నదే అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికన్నా పై కోర్టైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందున్న ప్రశ్న. నిలుస్తుందని 3–2 మెజారిటీతో అన్నారు, తర్వాత వ్యవహారం రాజీతో ముగిసింది. గైడు చదివినవాడికి నత్త గుర్తుంటుంది, ఇది గుర్తుండదు.

నన్నడిగితే ఏ గీతలూ రాతలూ లేని చట్టం పుస్తకం ఇవ్వాలి, నోట్సు ఇవ్వకూడదు. నోట్సు తెచ్చుకున్నవాళ్ళకు సగం టైమ్ పేజీలు వెతకడానికే పోతుంది.

అర్ధరాత్రి_నోట్సు:
మాస్టారూ, రంగురంగుల ట్యాగులు అంటించిన మా ఫైళ్ళ గతేంటి? కష్టానికి రెండు మార్కులైనా వేయండి సార్ 😄

ఇంగ్లీషు_తంటా:
ఇంట్లో ఒక భాష, లా ఇంగ్లీషులో. మాలాంటివాళ్ళ సంగతి ఎవరూ ఎత్తడం లేదండీ. మేం బట్టీ పట్టేది చట్టాన్ని కాదు, ఇంగ్లీషు వాక్యాన్ని. క్లోజ్డ్ పేపర్లో ఆ వాక్యాలే మమ్మల్ని గట్టెక్కిస్తాయి. మాస్టారు చెప్పిన లాప్‌టాప్ ప్రశ్నకు నా బుర్రలో జవాబు ఉంది. దాన్ని మూడు గంటల్లో, అప్పటికప్పుడు తప్పుల్లేని ఇంగ్లీషులో కట్టాలంటేనే టెన్షన్. పుస్తకం ఇచ్చి టైమ్ పెంచకపోతే లాభపడేది ఇంగ్లీషు ధారాళంగా రాసేవాళ్ళే. ఓపెన్ బుక్ న్యాయం అంటున్నవాళ్ళు దీనికేమంటారు?

దిద్దే_మాస్టారు:
మంచి పాయింటమ్మా. భాష తడబడినా తర్కం సరిగ్గా ఉంటే నేను మార్కులు కోయను. కానీ అందరూ అలాగే దిద్దుతారని హామీ ఇవ్వలేను. ఆ మాట రూల్‌గా రాయించుకోండి. అరగంట అదనపు టైమ్ కూడా అడగండి.

రెండో_ఏడు:
థాంక్స్ అందరికీ. చట్టం పుస్తకం, అదనపు టైమ్, రెండూ అడుగుతున్నాం. ఒక్క చిక్కు మిగిలింది. కాంట్రాక్ట్స్‌కు చట్టం ఉంది. మాకు టార్ట్స్ దాదాపు మొత్తం తీర్పులే. అక్కడ చట్టం పుస్తకం ఇచ్చి ఏం లాభం?

దిద్దే_మాస్టారు:
కేసుల పేర్లు, సంవత్సరాలు మాత్రమే ఉన్న ఒక షీటు ఇమ్మనండి. కథ, సూత్రం ఏవీ ఉండకూడదు. డొనహ్యూ, 1932, అంతే. అది ఎందుకు పనికొస్తుందో చదివినవాడికే తెలుస్తుంది. పరీక్షకు నెల ముందే చేతికిచ్చేస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

పాత_బెంచి:
నెల ముందు ఇస్తే ఆ షీటునే కంఠతా పట్టేస్తారు, చూస్తూ ఉండండి.